మదుము దగ్గర మాట ఎందుకు చెల్లడం లేదు

అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. విజయనగరం జిల్లాలో 240 గడపల ఊరు. అడిగినాయన పదిహేనేళ్లు హైదరాబాదులో ఉద్యోగం చేసి, తండ్రి పోయాక ఊరికి వచ్చేశారు. నిరుడు ఉబాల (వరి నాట్ల) రోజుల్లో చెరువు మదుము (నీళ్లు వదిలే తూము) దగ్గర నీళ్ల కోసం అన్నదమ్ముల పిల్లలే కర్రలు పట్టుకుని పోలీసు స్టేషన్ దాకా వెళ్లారు. అమ్మవారి పండగను రెండు వర్గాలు రెండు వేరువేరు వారాల్లో చేశాయి. "మా తాతగారి రోజుల్లో పెద్దమనిషి మాటంటే శాసనం. ఇప్పుడు ఎవరి మాటా ఎవరూ వినరు. విలువలు పోయాయి. ఆ పెద్దరికాన్ని మళ్లీ ఎలా తెచ్చుకోవాలి?" అని ప్రశ్న.

బాబూ, నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పంచాయతీ శాఖలో 34 ఏళ్లు పనిచేశాను. తగువులు తీర్చిన రోజులున్నాయి, తీర్చలేక మధ్యలో లేచి వచ్చిన రోజులూ ఉన్నాయి. మీ బాధ నాకు కొత్త కాదు. కానీ పెద్దరికాన్ని మళ్లీ తేవాలంటున్నారు గనుక, అసలు మన దగ్గర ఉన్నదేమిటి, అందులో పోయిందేమిటి అన్నది ముందు చూడాలి. నేను చూసింది చెబుతాను.

మాది నాగావళికి దగ్గర్లో ఊరు. నాకు పదేళ్లప్పుడు, అంటే 1967 ప్రాంతంలో, మా పెదతాతగారు చెరువుకు పెద్ద. ఆ ఏడు వానలు వెనకబట్టాయి. మా మదుము రాతి మీద ఎవరో ఎప్పుడో ఉలితో కొట్టిన గీతలుండేవి. నీళ్లు మూడో గీత కిందకి దిగాయంటే ఇక ఎవరిష్టం వాళ్లది కాదు, వంతుల మీద ఇవ్వాల్సిందే. కోడి కూయకముందే ఆయన దుప్పటి కప్పుకుని గట్టు మీదకు బయల్దేరేవారు. లాంతరు పట్టుకుని వెనకాల నేను. మేం వెళ్లేసరికి ఊరి కాపలా పనిచేసే బరికి మదుము దగ్గర నిలబడి ఉండేవాడు. మొదటి వంతు శివారు మడులకు, అంటే నీళ్లు అందరికంటే ఆఖరున చేరే పొలాలకు. మదుముకు ఆనుకుని ఉన్న మా పెదతాతగారి పొలానికి ఎనిమిదో రోజున వచ్చేది వంతు.

ఆ ఏడు ఆరో రోజుకే మా మడిలో నారు పసుపు తిరిగింది. ఇంట్లో మా నాయనమ్మ కేకలేసింది. "కాళ్ల కింద నీళ్లు పోతన్నాయి, మన మడి ఎండిపోనాది, ఊరికి పెద్ద మడిసివి గావా?" అని. ఆయన చెప్పులు విడుస్తూ అన్నమాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "మన మడి ముందు తడిపితే రేపు గట్టు మీద నిలబడి ఎవరికి సెప్పగలను?"

మీ తాతగారి రోజుల్లో మాట శాసనంగా చెల్లిందంటే అందులో సగం బలం ఆ ఎనిమిదో రోజుది. తెల్లపంచె, మీసం, రచ్చబండ పైకి కనబడేవి. పెద్దాయన మడి ఎండుతోందని ఊరంతా చూస్తోంది, ఆయన నీళ్లు తీసుకోవడం లేదని కూడా చూస్తోంది. ఇక రెండోవాడు గండి కొట్టడానికి చెయ్యెలా వస్తుంది? పూడిక తీసే రోజు ఇంటికో మనిషి రావాలి. ఆయన ఇంటి మనిషి ముందు వచ్చేవాడు. రానివాళ్లకు తప్పు (జరిమానా) వేసేవారు, ఆ డబ్బు గట్టు మట్టికే పోయేది. ఈ పద్ధతినే పాత కాగితాల్లో కుడిమరామత్తు అన్నారు. చెరువు పనికి మనిషిని పంపడం రైతు బాధ్యతేనని మద్రాసు ప్రభుత్వం 1858లో చట్టం కూడా చేసింది. చట్టం ఉందని మా ఊళ్లో ఎవరికీ తెలియదు. చెరువు నిండకపోతే తిండి లేదని మాత్రం అందరికీ తెలుసు.

మిగతా సగం గురించి కూడా చెప్పాలి. అది దాస్తే మీకు అబద్ధం చెప్పినవాణ్నవుతాను.

ఆ మదుము దగ్గర నిలబడ్డ బరికి రాత్రంతా కాపలా కాసేవాడు, కానీ గట్టు మీద మా పక్కన కూర్చోవడానికి లేదు. అతనికి సెంటు భూమి లేదు, నీటి వంతుల మాటల్లో అతని నోటికి చోటు లేదు. పెద్దల సభలో అతను వినడానికి ఉన్నాడు గాని చెప్పడానికి లేడు. ఆడవాళ్లు ఆ మాత్రం కూడా లేరు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ఊళ్లో తగువుకు కూర్చున్నాను. ముప్పై ఏళ్ల మనిషి, భర్త పోయి ఏడాది. అర ఎకరం పల్లం ఆమెకు రావాలి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త వాటాలో ఆమెకు హక్కుంది, వచ్చినదానికి ఆమే పూర్తి యజమాని. పెద్దలు అయిదుగురు, అందరూ ఊళ్లో మంచివాళ్లని పేరున్నవాళ్లు. "ఆడకూతురు, దుక్కి దున్నుతాదా ఏటి, మరిదే సూసుకుంటాడు, ఏడాదికి నాలుగు బస్తాలిత్తాడు" అని తీర్పు చెప్పారు. ఆమె అరుగు కింద, గోడవైపు మొహం పెట్టి కూర్చుంది. ఎవరూ ఆమెను ఒక్క మాట అడగలేదు. నాకు చట్టం తెలుసు. నేను నోరు విప్పలేదు. ఊరి కట్టుబాటులో కొత్త ఉద్యోగి తలదూర్చకూడదని నాకు నేనే చెప్పుకున్నాను. నాలుగు బస్తాలు రెండేళ్లు వచ్చాయట, మూడో ఏడు నుంచి లేవు. ఆమె విశాఖలో ఇళ్లలో పనికి వెళ్లిపోయింది. ఆ రోజు ఆ అరుగు మీద అందరిదీ ఒకే మాట, ఒకే విలువ. ఏకాభిప్రాయమంటే అలా కూడా ఉంటుంది బాబూ.

ఇంకా వెనక్కి వెళ్తే మన విజయనగరంలోనే రుజువుంది. కన్యాశుల్కం పేరుతో ఆడపిల్లల్ని అమ్మే పెళ్లిళ్లను అప్పటి మహారాజా విశాఖపట్నం జిల్లాలో లెక్క వేయించారు. ఆ లెక్కను గురజాడ అప్పారావు గారు తన 'కన్యాశుల్కం' నాటకం ముందుమాటలో ఇచ్చారు. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పెళ్లిళ్లు దొంగచాటుగా జరగలేదు. పెద్దలు కూర్చుని, వెల మాట్లాడి, తాంబూలాలు పుచ్చుకుని చేసినవే. వాటిని ఎదిరించినవాళ్లను అప్పట్లో సంప్రదాయం చెడగొట్టేవాళ్లనే అన్నారు. అందుకే ఎవరైనా "విలువలు పోయాయి" అంటే, ఏ విలువ, ఎవరికి పోయింది అని అడగడం నాకు అలవాటైంది.

ఇక పోవడం ఎలా జరిగింది? పిల్లలు చెడిపోయారని, సెల్‌ఫోను వచ్చిందని చెప్పుకుంటాం. ఫోను రాకముందే చాలా పోయింది.

మన జిల్లాల్లో అధికారం చాలాకాలం జమీందారీ నీడలో బతికింది. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చాక విజయనగరం, బొబ్బిలి లాంటి ఎస్టేట్ల కింద ఊళ్లు నడిచాయి. కింద మునసబు, కరణం. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాయి. మునసబు, కరణం మాత్రం మిగిలారు. తండ్రి తర్వాత కొడుకన్న హక్కు రాజ్యాంగానికి పొసగదని సుప్రీంకోర్టు 1960లోనే చెప్పినా, ఊళ్లో లెక్కల మూట ఎక్కువగా ఆ కుటుంబాల్లోనే తిరిగింది. 1984 జనవరి 6న ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ ఉద్యోగాల్నే రద్దు చేసింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

ఆ జనవరిలో ఒక కరణం గారింట్లో రికార్డులు తీసుకునేటప్పుడు నేను సాక్షిగా ఉన్నాను. అడంగలు, టెన్-వన్ లాంటి భూమి లెక్కలు, పొలం పటాలు, అన్నీ ఎర్రబట్ట మూటల్లో. పెద్దాయన ఒక్కొక్క మూట విప్పి, పుట పుటా చూపించి అప్పగించారు. ఆఖరి మూట ఇచ్చాక చేతులు తుడుచుకుని చాలాసేపు ఖాళీ అల్మారా వైపు చూస్తూ ఉండిపోయారు. వీధిలో అరుగు దగ్గర నిలబడ్డ రైతుల్లో కొందరి కళ్లు చెమర్చాయి. కొందరి మొహాలు వెలిగాయి. ఆ అల్మారా ముందు ఒక చిన్న రైతు తన పొలం నంబరు తెలుసుకోవడానికి ఎన్నిసార్లు తిరిగాడో ఆ వెలుగులో కనబడింది. రెండు రకాల మనుషులూ నిజమే చెబుతున్నారని నాకు ఆ రోజు తెలిసింది.

తర్వాత ఒక్కొక్క తలుపూ తెరుచుకుంటూ వచ్చింది. 1993 ఏప్రిల్ 24 నుంచి 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో ఆడవాళ్లకు మూడో వంతు, దళితులకు, గిరిజనులకు జనాభాను బట్టి స్థానాలు. మొదట్లో సర్పంచి కుర్చీలో భర్తలు కూర్చున్న మాట నిజం. కానీ సంతకం ఆమెది కావాలి కాబట్టి మనిషి ఆమె గడప దాకా వెళ్లక తప్పలేదు. ఉపాధి హామీ మొదటి విడతలోనే, 2006లో, విజయనగరం జిల్లాకు వచ్చింది, మరుసటి ఏడాది శ్రీకాకుళానికి. ఏడాదికి వంద రోజుల పని అన్న హామీ ఉన్నాక, కూలి మనిషి పెద్దరైతు వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడాల్సిన అవసరం తగ్గింది. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు వచ్చాయి. పింఛను, రేషను, సర్టిఫికెట్టు, దేనికీ ఊరిపెద్ద సిఫారసు అక్కర్లేదు.

వీటిలో ఏది తప్పు? ఒక్కటీ కాదు. పేదవాడికి రెండో తలుపు దొరికితే మొదటి తలుపు దగ్గర దండాలు తగ్గుతాయి. ఆ దండాల్లో గౌరవం ఎంత, భయం ఎంత, ఆకలి ఎంత అన్నది అప్పుడే తేలింది.

నాకు నిజంగా బాధ కలిగించేది ఇంకొకటి. ఆ పాత అధికారంతో పాటు ఉమ్మడి పని కూడా పోయింది. ఎవరికి వాళ్లు బోరు వేసుకున్నారు. బోరున్నవాడికి మదుము ఎందుకు? మదుము అక్కర్లేనివాడు పూడికకు ఎందుకొస్తాడు? ఇవాళ నా కళ్లంలో, రేపు నీ కళ్లంలో అని చేసుకున్న నూర్పులు యంత్రం వచ్చి ఒక పూటలో ముగించింది. నడుము నొప్పులు తగ్గాయి, అది మంచిదే. కానీ ఏడాదికి ఇరవై రోజులు పక్కవాడితో కలిసి తిన్న చద్దికూడు కూడా ఆగిపోయింది. గొడవ పడినవాడితోనైనా రేపు కుప్ప వేయాలి అనే లెక్క ఉన్నంతకాలం గొడవకు ఒక హద్దుండేది. మీ ఊళ్లో కర్రలు లేచిన అన్నదమ్ముల పిల్లల్ని అడిగి చూడండి, వాళ్లిద్దరూ కలిసి ఆఖరున చేసిన పని ఏమిటని. జవాబు దొరకడానికి చాలాసేపు పడుతుంది.

వలస సంగతి మీకు చెప్పక్కర్లేదు, మీరే వెళ్లొచ్చారు. శ్రీకాకుళం తీరంలో ఊళ్లకు ఊళ్లే గుజరాత్‌లో వెరావల్ వెళ్లి చేపల పడవలు ఎక్కుతాయి. నెలల తరబడి మగవాళ్లుండరు. ఇక్కడ నా గమనింపు ఒకటి చెబుతాను. ఊళ్లో కులపెద్ద మాట అంతంతమాత్రంగా వినే కుర్రాడే, సముద్రంలో తండేలు (పడవ నాయకుడు) మాటకు ఎదురు చెప్పడు. వల ఎప్పుడు వేయాలి, ఎప్పుడు తీయాలి, గాలి తిరిగితే ఎటు పోవాలి, అన్నీ తండేలు చెప్పినట్టే. ఎందుకని అడిగితే ఒక కుర్రాడు నాకు తేలిగ్గా చెప్పాడు. "ఆడూ మాతోనే ఉన్నాడు గదా బాబూ, మునిగితే అందరం మునుగుతాం." 2018 నవంబరులో మనవాళ్ల పడవలు పాకిస్తాన్‌వాళ్లకు చిక్కినప్పుడు తండేళ్లు కూడా అదే జైల్లో ఉన్నారు, మనవాళ్లు ఎక్కువమంది 2020 జనవరిలో విడుదలై వచ్చారు. మా పెదతాతగారి ఎనిమిదో రోజుకీ దీనికీ నాకు తేడా కనబడదు.

అంటే ఈ కాలం మనుషులు పెద్దరికాన్ని ఒప్పుకోరన్నది నిజం కాదు. తమతోపాటు తడిసేవాణ్ని, తమతోపాటు ఎండేవాణ్ని ఒప్పుకుంటారు. మన ఊరిపెద్దల్లో చాలామంది అటు తడవడం లేదు, ఇటు ఎండడం లేదు.

దానికి నేను కళ్లారా చూసిన ఉదాహరణ కొన్ని ఊళ్లలో జరిగే బెల్టుషాపు వేలంపాట. పెద్దమనుషులే రామమందిరం అరుగు మీద కూర్చుని, ఊళ్లో సారా, మందు అమ్ముకునే హక్కును పాట పెడతారు. పాడుకున్నవాడు కట్టిన డబ్బు గుడికి, పండగకి అని రాసుకుంటారు. అది చట్టవిరుద్ధం అని నేను చెప్పిన చోట "ఊరి బాగు కోసమే" అన్నారు. ఆ మందు తాగి వచ్చినవాడి చేతిలో దెబ్బలు తిన్న మనిషి మర్నాడు అదే పెద్దల దగ్గరకు తగువుకు రావాలి. ఎలా వస్తుంది? వచ్చినా ఏ మొహంతో తీర్పు చెబుతారు? ఆ ఊళ్లలో పెద్దల మాట పడిపోవడానికి సినిమాలూ కారణం కాదు, చదువులూ కారణం కాదు. వాళ్లే అమ్ముకున్నారు. 1992లో నెల్లూరు జిల్లాలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం చూడండి. ఆ ఆడవాళ్లను ఏ ఊరూ పెద్దలని పిలవలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగిందంటే వాళ్ల మాట చెల్లిందన్నమాట.

ఇంకో ఉదాహరణ మీకు దగ్గరిదే, విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం లక్షల మంది వస్తారు. చదురుగుడి నుంచి కోట దాకా సిరిమాను (పూజారిని కూర్చోబెట్టే పొడవాటి మాను) మూడుసార్లు తిరుగుతుంది. అంత జనంలో దారి ఎలా తెరుచుకుంటుందో నేను చాలా ఏళ్లు గమనించాను. పోలీసుల వల్ల కొంత. కానీ సిరిమాను ముందు ఏమేం నడుస్తాయో చూడండి. పాలధార, అంజలిరథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల. అమ్మవారి విగ్రహాన్ని పెద్దచెరువులోంచి తీసింది బెస్తవారేనన్న కథకు గుర్తుగా ఆ వల ఊరేగింపులో నడుస్తుంది. రాజకుటుంబం కోట బురుజు మీద ఉంటుంది, మాను మీద పూజారి ఉంటాడు, వల పట్టుకున్నవాడు దారిలో ఉంటాడు. ఎవరి పని వాళ్లది, ఎవరి పని తీసేసినా ఉత్సవం సాగదు. అందుకే రాజ్యం పోయి ఇన్నేళ్లయినా ఆ పండగ నిలబడింది. మీ ఊరి అమ్మవారి పండగ రెండయిందంటే, ఏదో ఒక వర్గానికి అందులో పని లేకుండా పోయి ఉండాలి. చందా అడిగి, పనిలోకి పిలవకుండా వదిలేసిన ఇళ్లు ఏవో వెతకండి. అక్కడే చీలిక మొదలై ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయగలిగిన పని. నేను పనిచేసిన రోజుల్లో గెడ్డ (వాగు) పక్కన ఒక చిన్న ఊళ్లో ఇదే మదుము గొడవ వచ్చింది. మీ ఊరిలాగే రెండు వర్గాలు, కేసులు, తలలు పగలడం. పెద్దలను మూడుసార్లు కూర్చోబెట్టాను, మూడుసార్లూ విఫలమయ్యాను. నాలుగోసారి తగువు మాటే ఎత్తలేదు. పొదుపు సంఘం లెక్కలు రాసే అమ్మాయిని పిలిచి, ఆయకట్టులో ఉన్న ప్రతి మడికీ పేరు, విస్తీర్ణం ఒక నోట్‌బుక్కులో రాయించాను. కౌలుదార్ల పేర్లు విడిగా. ఎందుకంటే భూమి ఎవరి పేరున ఉన్నా నీళ్ల దగ్గర నిలబడేది కౌలుదారే. ఆ పట్టికను బడి గోడ మీద సుద్దతో రాశాం. పేర్లు తప్పున్నాయని నలుగురు వచ్చారు, దిద్దాం. విస్తీర్ణం ఎక్కువ రాసుకున్నారని కొందరు అరిచారు, రికార్డు తెచ్చి చూపించాం, తగ్గించాం. ఆ దిద్దుబాట్లకే పదిరోజులు పట్టింది. ఆ పదిరోజుల్లో రెండు వర్గాలవాళ్లూ ఒకే గోడ ముందు నిలబడక తప్పలేదు.

పదకొండో రోజున కూర్చున్నాం, అరుగు మీద కాదు, బడి ఆవరణలో నేల మీద అందరం. ముందు మాట్లాడే హక్కు శివారు రైతుకిచ్చాం. ఆయన లేచి "ఆరేళ్లుగా నా మడి చెరువు నీళ్లు చూడలేదు" అన్నాడు. మదుము దగ్గరి పొలాలవాళ్లు ఆ మాట ఎప్పుడూ వినలేదట. నిజంగానే వినలేదు, ఆయన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఆ సాయంత్రం వంతులు కుదిరాయి. శివారు ముందు. రెండు వర్గాల నుంచీ ఒక్కొక్కరు, ఇద్దరూ కలిసి మదుము తాళం ఉంచుకోవాలి. తప్పు డబ్బు మదుముకే. ప్రతి పౌర్ణమికీ ఆ అమ్మాయి జమాఖర్చు చదివి వినిపించాలి. మొదటి పౌర్ణమినాడు ఆమె చేతులు వణికాయి. ఒకాయన మధ్యలో "నువ్వు సెప్తే మేమినాలా" అన్నాడు. ఆమె తలెత్తకుండా "మీ పేరు మీద నలభై రూపాయలు బాకీ ఉంది బావా" అని చదివి, తర్వాతి పేరుకు వెళ్లిపోయింది. ఆయన వారం తిరక్కుండా కట్టాడు. నేను బదిలీ అయ్యేదాకా, అంటే ఇంకో మూడేళ్లు, ఆ మదుము దగ్గర కేసు రాలేదు. ఆ తర్వాత అక్కడ ఏమైందో నేను దగ్గరుండి చూడలేదు కాబట్టి చెప్పను.

మీ ఊళ్లో కూడా పట్టిక దగ్గర మొదలుపెట్టండి. హైదరాబాదు, విశాఖలో ఉన్నవాళ్లను ఫోనులో చేర్చుకోండి గాని, తీర్మానం నీళ్లు కట్టేవాళ్లదే అవ్వాలి. సాగునీటి సంఘాలకు 1997లో చట్టం వచ్చింది, మీ చెరువుకు సంఘం కాగితం మీద ఉందేమో నీటిపారుదల శాఖ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) అడిగి తెలుసుకోండి. ఉంటే అదే పేరుతో పని చేయడం మేలు, మరమ్మతు డబ్బు అడగడానికి దారి ఉంటుంది. కుదిరిన వంతుల్ని గ్రామసభలో చదివించి మినిట్స్‌లో రాయించండి. గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలని పంచాయతీరాజ్ చట్టం చెబుతుంది. సభ పేరున సంతకాల పుస్తకం ఇంటింటికీ తిప్పితే ఒప్పుకోవద్దు, మనుషులు కూర్చోవాలి.

ఒక హద్దు మాత్రం గట్టిగా పెట్టుకోండి. నీళ్లు, గట్టు, దారి, పశువులు, పండగ, ఇవి ఊరు కూర్చుని తీర్చుకోవచ్చు. పెళ్లి, కులం, ఆడవాళ్ల మీద దెబ్బ, వెలివేత, వీటిలోకి ఊరి సభ అడుగు పెట్టకూడదు. మేజర్లయిన ఇద్దరు ఇష్టపడి చేసుకునే పెళ్లిని ఏ కులపంచాయతీ అడ్డుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. ఆస్తి తగువు ఊళ్లో కుదరకపోతే లోక్ అదాలత్‌కు వెళ్లండి. ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్న రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, ఫీజు లేదు, దాని మీద అప్పీలు లేదు. ముసలి తల్లిదండ్రుల్ని పిల్లలు చూడడం లేదన్న ఫిర్యాదు మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది. దానికి 2007 చట్టం కింద ఆర్డీవో గారి ట్రిబ్యునల్ ఉంది, వకీలు అక్కర్లేదు. చూసుకుంటామన్న షరతు మీద రాయించుకున్న ఆస్తిని, చూడకపోతే రద్దు చేయించే వీలు కూడా అందులో ఉంది. ఇలాంటి తల్లులు అరుగు దగ్గరకు వస్తే "సర్దుకో అమ్మా" అని పంపేయకండి. దరఖాస్తు రాసిపెట్టి, బస్సెక్కించి, వెంట వెళ్లండి. ఆ అర ఎకరం మనిషికి నేను చేయనిది అదే.

మీరు ఊళ్లో చదువుకున్నవారు, బయట నుంచి వచ్చారు కాబట్టి మిమ్మల్నే పెద్దగా కూర్చోబెట్టాలని చూస్తారు. ఏడాదిపాటు ఒప్పుకోకండి. మీ పొలం మదుముకు ఎంత దూరమో మీరు రాయలేదు. దగ్గరైతే మీ వంతు ఆఖరున వేయించుకోండి, గోడ మీద అందరికీ కనబడేలా. మీ ఇంట్లో కూడా ముందే చెప్పి ఒప్పించండి, ఆరో రోజున కేకలు తప్పవు.

పండగ మాట ఇప్పుడే ఎత్తకండి. నీళ్ల దగ్గర ఒక పంట కాలం కలిసి గడిచాక, రెండో వర్గంవాళ్లే అడుగుతారు. అప్పుడు చందా కంటే ముందు ఎవరి ఇంటికి ఏ పని అన్నది రాసుకోండి. ఈ వారంలో మాత్రం రెండు పనులు చేయండి. మీ ఆయకట్టులో ఆఖరి మడి ఎవరిదో కనుక్కుని, ఆయన ఇంటికి వెళ్లి, నిరుడు నీళ్లు ఎన్ని రోజులు అందాయో అడిగి రాసుకోండి. రెండోది, మదుము తలుపు కారుతోందేమో చూడండి. కారుతుంటే ఉబాలు మొదలయ్యేలోపు బాగు చేయించండి. తలుపు సరిగా మూసుకోకపోతే ఎన్ని వంతులు రాసినా రాత్రి పోయిన నీళ్లకు ఎవరో ఒకరి మీద అనుమానం పడుతుంది.